ఏం చెయ్యదండీ, మీరు నడవండి!

ఖానాపురం హవేలిలో సందుకో జంతు శాస్త్రవేత్త ఉన్నాడు. గేటు బార్లా తీసిపెట్టి, మెట్ల మీద టీ తాగుతూ, తన పరిశోధన ఫలితాన్ని దారినపోయేవాళ్లకు ఉచితంగా పంచుతుంటాడు: "మా కుక్క ఏం చెయ్యదండీ, మీరు నడవండి!"

తెల్లారకముందే పాలప్యాకెట్ల కుర్రాడొస్తాడు. బండి చప్పుడు వినగానే గేటులోంచి ఆ కుక్క, బుజ్జిగాడు, దూసుకొస్తాడు. కుర్రాడు రెండు కాళ్లూ పెట్రోల్ ట్యాంకు మీదికెత్తి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో పాలసంచీ పట్టుకుని సందు దాటేస్తాడు. సర్కస్ వాళ్లయితే దీనికి టికెట్ పెడతారు. యజమాని మాత్రం మురిసిపోతూ, "ఆడుకుంటోంది తమ్మీ! భయపడకు, భయపడితే దానికి తెలిసిపోద్ది" అంటాడు. అంటే ట్రైనింగ్ కావాల్సింది మనకన్నమాట.

ఆ ట్రైనింగులో మేం బాగానే ముందుకొచ్చాం. బడిపిల్లలు వెనక సందు చుట్టి పోతున్నారు. గ్రానైట్ ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ దిగినవాళ్లు జేబులో రాయి వేసుకొస్తున్నారు. గొలుసు కొనలేదా అంటే, కొన్నారు. గేటు పక్కన మేకుకు వేలాడుతోంది. రేటు చీటీ ఇంకా ఊడలేదు.

అసలు తమాషా యాజమాన్య హక్కుల్లో ఉంది. పుట్టినరోజు కేకు కోసేటప్పుడు వాడు "మా బుజ్జిగాడు". ఎవరి పిక్క పట్టుకున్నాడో, ఆ క్షణం నుంచి "వీధికుక్కండీ, పాపమని అన్నం పెడుతుంటాం". ఇంత వేగంగా ఆస్తి చేతులు మార్చే రిజిస్ట్రేషన్ ఆఫీసు రాష్ట్రంలో ఇంకోటి లేదు.

"ఏం చెయ్యదు" అనే మాటకు హద్దెక్కడో హైదరాబాద్ చూపించింది. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో పార్సిల్ ఇవ్వబోయిన కుర్రాడు, ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ వెంటపడితే మూడో అంతస్తు నుంచి పడి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అదే ఏడాది మేలో మణికొండలో డాబర్‌మన్‌ను తప్పించుకోవడానికి మరో డెలివరీ కుర్రాడు మూడో అంతస్తు నుంచి దూకి గాయపడ్డాడు. ప్రాణం తీసింది నేలే కాబట్టి, మన శాస్త్రవేత్తల లెక్కలో కుక్క ఏం చెయ్యనట్టే.

పళ్లు దిగినా ఆయన నిబ్బరం చెదరదు. "టీకా వేయించాం లెండి, కాస్త పసుపు అద్దండి." టీకా చీటీ చూపించమంటే బీరువా తాళం దొరకదు. రేబిస్ లక్షణాలు కనబడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. 2023 మార్చిలో మన రఘునాథపాలెం మండలం పుటాని తండాలో వీధికుక్కల బారిన పడిన ఐదేళ్ల బాబు, రేబిస్ లక్షణాలతో హైదరాబాద్ తీసుకెళ్తుంటే దారిలోనే చనిపోయాడు. ఆ వైరస్‌కు వీధికుక్క, ఇంటికుక్క తేడా లేదు. కరిస్తే పసుపు కాదు, ధారనీళ్ల కింద 15 నిమిషాలు సబ్బుతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి.

భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కాటు పడేదాకా ఆగమనలేదు. తన దగ్గరున్న జంతువుతో మనుషుల ప్రాణానికి ముప్పు, తీవ్ర గాయం జరగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోవడమే నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పోలీస్ స్టేషన్ కోసం దూరం పోనక్కర్లేదు, ఖానాపురం హవేలిలోనే ఉంది.

అయ్యా, కుక్కను సుఖంగా పెంచుకోండి. టీకా వేయించండి, గేటు మూయండి, బయటికి తెస్తే గొలుసు చేతికి చుట్టుకోండి. బుజ్జిగాడి మీద మాకే కోపమూ లేదు. వాడికి 291 చదవడం రాదు, మీకొచ్చు.