పై గది మీది, కింది గది వాటిది

నేను తేనె పెట్టెను. అరకు లోయలో ఒక రైతు పెరట్లో, పనసచెట్టు నీడన నిలబడి ఉంటాను. చీమలు ఎక్కకుండా నా నాలుగు కాళ్ల కిందా నీళ్ల మూకుళ్లు పెట్టారు. రంగు బయటివైపే పూశారు; లోపలంతా వట్టి చెక్కే.

నాకు రెండు గదులు. కింది గదిలో రాణి గుడ్లు పెడుతుంది, పిల్లలు పెరుగుతాయి, వాటి తిండికి తేనె, పుప్పొడి ఉంటాయి. మిగులు తేనె పై గదిలో చేరుతుంది. రెండింట్లోనూ వేలాడే చట్రాల మధ్య ఈగ తిరిగేంత సందే ఉండాలి. ఎక్కువైతే అడ్డదిడ్డంగా పట్టు కట్టేస్తాయి, తక్కువైతే నలిగిపోతాయి. ఆ సందు కొలత ఆధారంగానే 1851లో లాంగ్‌స్ట్రాత్ అనే అమెరికా పాదిరి కదిలే చట్రాల పెట్టెకు రూపమిచ్చాడు. మన పుట్టతేనె ఈగ ఒళ్లు చిన్నది కనుక నన్ను దానికి తగ్గ కొలతల్లో చేశారు.

నన్ను తెచ్చుకున్నది ఈ ఇంటి ఆడపిల్ల. పని నేర్పింది ఆమె మేనమామ. వయసులో ఉన్నప్పుడు ఆయన కాగడా పట్టుకెళ్లి తొర్రల్లో తేనె కొట్టేవాడు. మంటకు పిల్లలు మాడిపోవడం చూడలేక ఆ పద్ధతి మానేశాడు.

తొర్రలోని ఈగల్ని సాయంత్రం పూట నాలోకి తెచ్చారు. మామ కొద్దిగా పొగ పెట్టి, పిల్లలున్న పట్టును ముక్కలుగా కోసి ఇస్తుంటే, ఆమె ఒక్కో ముక్కనూ తలకిందులు కాకుండా చట్రంలో నిలిపి అరటినారతో కట్టింది. పొడుగాటి పొట్టతో నడుస్తున్న ఈగను ఆయన వేలితో చూపించాడు. “అదమ్మీ రాణి. అది లోపలికెళ్తే మిగతావి వాటంతటవే వస్తాయి.” అన్నట్టే గుమ్మం దగ్గర కొన్ని ఈగలు రెక్కలాడిస్తూ వాసనతో పిలిచాయి; తక్కినవి బారులు తీరి నడిచొచ్చాయి. తర్వాత అవే పట్టును మైనంతో చట్రానికి అతికించుకుని, నారను కొరికి బయట పడేశాయి.

కార్తీకంలో వలిసెలు పూసి లోయంతా పచ్చబడితే నా పై గది నిండుతుంది. కణాల మీద మైనపు మూత పడితేనే తేనె పండినట్టు. మూత పడనిదాంట్లో నీరెక్కువ, పులిసిపోతుంది. ఆమె మూతల్ని కత్తితో పలచగా చెక్కి, చట్రాల్ని యంత్రంలో పెట్టి తిప్పుతుంది. తేనె కారిపోయాక చెక్కుచెదరని పట్టు మళ్లీ నాలోకి వస్తుంది. పట్టు కట్టే శ్రమ ఈగలకు తప్పుతుంది. కింది గది జోలికి మాత్రం ఆమె పోదు.

చలి ముదిరాక గుమ్మం కాస్త మూసి, మంచు విడిచేదాకా మూత ఎత్తదు. మాఘ ఫాల్గుణాల్లో మగ ఈగలు పెరిగి, పట్టు అంచున రాణి కణాలు వేలాడితే గుంపు చీలబోతోందని అర్థం. ఊరుకుంటే పాత రాణి సగం ఈగల్ని వెంటేసుకుని వెళ్లిపోతుంది. అందుకే ఆమె ముందే రెండు పెట్టెలుగా విడదీస్తుంది. వేసవి తొలి జల్లుకు కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి. ఆ పూత కొద్ది రోజులే. ఎండలు ముదిరితే దగ్గర్లో పళ్లెంలో నీళ్లు పోసి, ఈగలు మునిగిపోకుండా గులకరాళ్లు వేస్తుంది.

పెంచేవారికి అసలు పరీక్ష వానాకాలం. పూత ఉండదు, ఉన్నా ముసురులో ఈగ బయటికి పోలేదు. కింది తేనె కూడా లాగేసుకున్న చోట ఈగలు ఆకలికి పెట్టె వదిలి పోతాయి. ఆమె పై గది తీసేసి, సాయంత్రం పూట లోపల పంచదార పాకం పెడుతుంది. పై గది ఉంటే ఆ పాకం అందులోకి చేరుతుంది. దాన్ని తేనె అని అమ్మడం మోసం. మైనపు పురుగు చేరకుండా నా అడుగుపలక తుడుస్తుంది, నల్లబడ్డ పాత పట్టు తీసేస్తుంది. పిల్ల పురుగులు నీటిసంచుల్లా ఉబ్బి చచ్చిపడి ఉన్నాయేమో చూస్తుంది. 1991-92లో దక్షిణాదిలో పుట్టతేనె ఈగల్ని ఊడ్చేసిన థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ లక్షణం అదే. అనుమానమొస్తే ఆ పెట్టెలోని చట్రం మరో పెట్టెలోకి పోనివ్వదు.

పొరుగు రైతులతో మాట్లాడటం కూడా ఈ పనిలో భాగమే. పూత మీద మందు కొట్టొద్దనీ, తప్పదంటే ఈగలు గూటికి చేరాక కొట్టమనీ, ముందురోజే కబురు చెయ్యమనీ అడుగుతుంది. కబురందితే చీకటి పడ్డాక నా గుమ్మం గాలాడేలా జాలీతో మూసి దూరంగా తీసుకెళ్తుంది.

పెట్టె కొనాలనుకునేవారికి నా మాట ఒకటే. ముందు మీ ఊళ్లో ఏ నెలలో ఏ పూత వస్తుందో ఏడాదిపాటు రాసుకోండి. ఆ కాగితంలో ఖాళీగా మిగిలిన నెలల్లో ఈగలకు ఏం పెడతారో, మీ పొలంలో వాటికోసం ఏం నాటుతారో తేల్చుకోండి. ఆ తర్వాతే నన్ను ఇంటికి తెచ్చుకోండి.