స్పాంజికి చావు లేదు

వ్యాక్యూమ్ కటింగ్ మెషీన్‌లో పైన కత్తి, కింద బల్ల, బల్ల అడుగున గాలిని తోడేసే బ్లోయర్ ఉంటాయి. కత్తికీ బల్లకీ నడుమ ఒక పరుపు ఉంటుంది. బట్ట, రెగ్జిన్, గాస్కెట్ షీటు, అట్ట, ఏది కోయాలన్నా దాని మీదే పరవాలి. కత్తి మొన అడుగు పొరను దాటి ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి దిగితే తప్ప ఆ పొర పూర్తిగా తెగదు కాబట్టి, ఈ పరుపు మొనకు దారివ్వాలి. గాలిని తన గుండా కిందికి పోనివ్వాలి. పైనున్న సరుకును కుంగకుండా మోయాలి. ఒకదానికొకటి పొసగని ఈ మూడు పనులూ ఒక్క ఫోమ్ షీటు చెయ్యాలి. మెషీన్ అమ్మే కరపత్రంలో మోటారుకు ఒక పేజీ, సాఫ్ట్‌వేరుకు రెండు పేజీలు, మెషీన్ పక్కన చేతులు కట్టుకుని నవ్వే సూటు మనిషికి అరపేజీ దక్కుతాయి. ఫోమ్ మాత్రం ఉచితంగా ఇచ్చే సామాను జాబితాలో, స్పానర్ సెట్టుకూ గ్రీజు డబ్బాకూ మధ్య, ‘మ్యాట్ ఒకటి’ అని కనిపిస్తుంది.

తెలుగు నేల మీద ఈ మెషీన్లకు రెండు తరగతులున్నాయి. అచ్యుతాపురంలో వెయ్యి ఎకరాల్లో వెలసిన బ్రాండిక్స్ దుస్తుల నగరం, వరంగల్ పక్కన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు లాంటివి వచ్చాక కంప్యూటర్ కటింగ్ అనే మాట ఇక్కడెవరికీ కొత్త కాదు. అది పెద్ద తరగతి. తిరువూరు లాంటి ఊళ్లలో కనిపించేది రెండోది. సింహద్వారాల మీద గజలక్ష్మిని, షాపు బోర్డులకు అక్రిలిక్ అక్షరాలను చెక్కే సీఎన్‌సీ రౌటర్, సోఫా కవర్ల రెగ్జిన్ కోసే చిన్న బల్ల ఇందులోకి వస్తాయి. చెడిపోతే విజయవాడ ఆటోనగర్ నుంచి మైలవరం మీదుగా మెకానిక్ రావాలి. అదే దారిలో ఉన్న కొండపల్లిలో తెల్లపొణికి కర్రను బొమ్మగా మలిచేవాళ్లు ఏ బ్లోయర్ సాయమూ లేకుండా ఇన్ని తరాలు నెట్టుకొచ్చారు. అయితే వాళ్లకు చేతులున్నాయి. మెషీన్‌కు ఉన్నది నమ్మకం ఒక్కటే, అదీ ఓనరుది.

ఆ నమ్మకంలో మొదటి సూత్రం, బ్లోయర్ సరుకును కిందికి లాగుతుందన్నది. బ్లోయర్ దేన్నీ లాగదు. అది బల్ల కింద గాలిని పలచన చేస్తుంది, అప్పుడు పైనున్న వాతావరణం సరుకును నొక్కుతుంది. ఆ నొక్కుడు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో, చదరపు మీటరుకు పది టన్నులు. అంతకు మించి ఒక్క గ్రాము కూడా పుట్టదు, ఎందుకంటే మన నెత్తిమీద ఉన్న గాలే అంత. 1650ల్లో ఒట్టో ఫాన్ గ్యూరికె జర్మనీలో రెండు రాగి అర్ధగోళాలను కలిపి, లోపలి గాలి తోడేసి, గుర్రాల చేత లాగించి ఈ సంగతి లోకానికి చూపించాడు. గుర్రాలు ఓడిపోయాయి. మూడున్నర శతాబ్దాలు దాటినా కటింగ్ టేబుల్ బేరాలు గుర్రాల లెక్కలోనే సాగుతున్నాయి. ‘అయిదు హెచ్.పి. చాలట్లేదు, ఏడున్నర వెయ్యండి సార్’ అనే మాట గ్యూరికె వినలేదు గానీ, విని ఉంటే ఎటుపక్క గుర్రాలు కడుతున్నారని అడిగేవాడు.

హార్స్‌పవర్ సిద్ధాంతం ప్రకారం సరుకు జారితే మోటారు చిన్నదని అర్థం. నిజానికి బ్లోయర్ ఎంత వ్యాక్యూమ్ ఇస్తుందన్నది దానిలోకి ఎంత గాలి దొంగతనంగా వస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది. బల్ల మీద సరుకు కప్పని చోటు, కత్తి కోసిన గాట్లు, ఫోమ్ షీట్ల మధ్య అతుకులు, ఇవన్నీ దొడ్డిదారులే. కారుడు పెరిగేకొద్దీ బ్లోయర్ లోపలికి పోయే గాలి పెరుగుతుంది, నొక్కుడు తగ్గుతుంది. ఆ కారుడు ఆపకుండా మోటారు పెంచితే ఇంకా ఎక్కువ గాలి ఊళ్లోంచి బల్ల కిందికి, బల్ల కిందనుంచి మళ్లీ ఊళ్లోకి తిరుగుతుంది. అయిదు హెచ్.పి. అదనపు మోటారు పూర్తి లోడ్ మీద గంటకు మూడున్నర యూనిట్లకు పైగా కరెంటు తింటుంది. తిరువూరు ఎండల్లో పెడస్టల్ ఫ్యాన్ పెట్టుకున్నా గాలి ఇంతకంటే చవగ్గా తిరిగేది.

రెండో సూత్రం, ఫోమ్ ఏదైనా ఫోమే అన్నది. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఎక్కువ సరుకు పాడయ్యేది ఇక్కడే. పరుపుల్లో, సోఫాల్లో వాడే పాలియురెథేన్ ఫోమ్‌లో గదులు ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి, గాలి పోతుంది. యోగా మ్యాట్లకూ చెప్పుల అడుగులకూ వాడే ఈవీఏ షీటులో ప్రతి గదికీ నాలుగు వైపులా గోడలుంటాయి, గాలి పోదు. పరీక్షకు ప్రయోగశాల అక్కర్లేదు. ముక్కను పెదాలకు ఆనించి ఊదితే తెలిసిపోతుంది. అయినా ఈవీఏ షీటు నున్నగా, గట్టిగా, రంగురంగులుగా ఉంటుంది కాబట్టి దాన్నే బల్లంతా పరిచి, కింద బ్లోయర్ ఆన్ చేసి, పైన బట్ట పరిచి, బట్ట ఎందుకు లేస్తోందని మెకానిక్‌కు ఫోన్ చేసే పద్ధతి ఒకటుంది. బల్ల ఆ షీటును మాత్రం అద్భుతంగా పట్టుకుంటుంది. కోయాల్సింది దాన్నే అయితే ఇంతకు మించిన ఏర్పాటు ఉండదు. థర్మాకోల్ పక్షం వాళ్లు వేరు. వాళ్ల బల్ల మీద రాలిన తెల్ల గుళ్లు రెండో రోజుకల్లా బ్లోయర్ ఫిల్టర్‌లో చేరి, అక్కడ ఎవరూ అడగని వ్యాక్యూమ్‌ను తయారుచేస్తాయి.

ఈవీఏ వద్దని తెలిసినవాళ్లు సోఫా షాపుకు వెళ్లి ‘ఫార్టీ డెన్సిటీ’ అడుగుతారు. నలభై అనగానే ముప్ఫై రెండు కంటే గట్టిదని, గట్టిదంటే మంచిదని, మంచిదంటే కటింగ్ మెషీన్‌కు పనికొస్తుందని మూడు మెట్లూ ఒకేసారి ఎక్కేస్తారు. నలభై అంటే ఘనమీటరు ఫోమ్ నలభై కిలోలు తూగుతుందని, అంతే. అది ఎంత గట్టిదో, గాలి ఎంత పోనిస్తుందో ఆ అంకెలో లేదు. మనిషి పడుకోవడానికి చేసిన ఫోమ్ మనిషి బరువుకు కుంగడానికే పుట్టింది. దాని మీద పది శాతం వ్యాక్యూమ్ పెట్టినా చదరపు మీటరుకు ఒక టన్ను పడుతుంది. ఫోమ్ అణిగిపోతుంది, గదులు మూసుకుంటాయి, గాలి దారి సన్నబడుతుంది. బల్ల మట్టం దిగిపోతుంది, అది కూడా మధ్యలో ఒకలా అంచుల్లో ఒకలా. కత్తి లోతు మిల్లీమీటర్లలో సెట్ చేసి ఉంటుంది కాబట్టి ఒక మూల అడుగు పొర తెగదు, ఇంకో మూల కత్తి ఫోమ్‌ను దాటి కింది పలకను పలకరిస్తుంది. అప్పుడు విరిగిన కత్తిని ఓనరుకు చూపించి బ్లేడు క్వాలిటీ బాగాలేదని తేలుస్తారు.

మూడో సూత్రం అన్నిటికంటే పవిత్రమైనది. ఒకసారి వేసిన ఫోమ్ మెషీన్ ఉన్నంత కాలం ఉండాలన్నది. కుండలో కూడు కదలకూడదు, బిడ్డ దుడ్డులా ఎదగాలి. కత్తి రోజంతా ఫోమ్‌లో దిగాలి, ఫోమ్ మాత్రం షోరూం నుంచి వచ్చినట్టే ఉండాలి. ఒకే మార్కర్‌ను, అంటే ముక్కల అమరిక పటాన్ని, ఒకే చోట పరిచి నెలల తరబడి కోసిన ఫోమ్‌ను దగ్గరగా చూస్తే చొక్కా కాలరు, చెయ్యి, జేబు ఆకారాలు దాని మీద గాట్లుగా చెక్కి ఉంటాయి. గాట్ల అంచులు విచ్చుకుని పైకి లేచి ఉంటాయి. వేలు పెడితే లోపల కాటన్ నూలు పీచు ముద్దకట్టి తగులుతుంది. గాలి ఆ గాట్లలోంచి ధారగా పోతుంది, గాట్ల మధ్య ఫోమ్ దుమ్ముతో పూడుకుపోయి అసలు గాలే పోదు. అంటే పట్టుకోవాల్సిన చోట పట్టు ఉండదు, కారకూడని చోట కారుతుంది.

ఈ దశలో అమరత్వ సిద్ధాంతాన్ని కాపాడటానికి కొన్ని ఉపచారాలు జరుగుతాయి. ముందు గాట్ల మీద బ్రౌన్ టేపు వేస్తారు. టేపు గాలిని ఆపుతుంది, మంచి చోట కూడా. తర్వాత ఫోమ్‌ను తిరగేస్తారు. ఇది నిజంగానే పనిచేస్తుంది, ఒక్కసారి. ఆ తర్వాత పాత ఫోమ్ మీద కొత్త ఫోమ్ పలచగా పరుస్తారు, అతుకులు తప్పుతాయి, మట్టం పెరుగుతుంది, కత్తి లోతు మళ్లీ సెట్ చెయ్యాలన్న సంగతి మొదటి లే, అంటే పరిచిన పొరల దొంతర, పోయాక గుర్తొస్తుంది. చివరికి ఆపరేటర్ పక్కన ఒక కుర్రాణ్ణి నిలబెడతారు. కత్తి వెళ్తున్న కొద్దీ బట్ట అంచు అరచేత్తో నొక్కి పట్టడం వాడి పని. లక్షలు పోసి ఆటోమేటిక్ మెషీన్ కొని, పట్టుకోవడానికి మనిషిని పెట్టుకునే ఈ విధానానికి కరపత్రంలో చోటు దొరకలేదు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడేవాళ్లకు మావటివాడి చెయ్యి ఎంత ఖరీదో పట్టదు.

చిన్న ముక్కల సంగతి వేరే చెప్పుకోవాలి. ఇరవై శాతం వ్యాక్యూమ్ దగ్గర పది సెంటీమీటర్ల చదరపు ముక్క మీద పడే నొక్కుడు ఇరవై కిలోలు. రెండు సెంటీమీటర్ల చదరపు ముక్క మీద ఎనిమిది వందల గ్రాములే. వైశాల్యం ఇరవై అయిదో వంతుకు పడిపోతే, గాలి దూరే చుట్టుకొలత మాత్రం అయిదో వంతు దగ్గరే ఆగింది. అందుకే జేబు మూతలూ, బోర్డుల్లో సున్నాలూ, దీర్ఘాలూ ముందుగా జారిపోతాయి. దీనికి జవాబు హెచ్.పి.లో దొరకదు. చిన్న ముక్కలు ముందు కోసి, పెద్దవి తర్వాత కోయాలి. చెక్క మీదైతే ముక్కను చిన్న చిన్న కొసలతో షీటుకే వదిలి, చివర్లో చేత్తో విరవాలి.

పరుపు సమస్య మెషీన్ పుట్టినప్పటి నుంచీ ఉంది. వియన్నాలో 1924లో పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని 1940లో అమెరికా చేరిన జోసెఫ్ గెర్బర్ 1960ల చివర్లో బట్టను కంప్యూటర్‌తో కోసే మెషీన్ తెచ్చాడు. బట్టను గాలి నొక్కుడుతో పట్టించడం, కత్తి దిగగలిగే పరుపు వెయ్యడం ఆ ఆలోచనకు ప్రాణం. ఫోమ్ బ్లాకులు కత్తి పోట్లకు చివికిపోతుంటే, తర్వాతి మెషీన్లలో ఆ స్థానంలోకి నైలాన్ కుచ్చుల బ్లాకులు వచ్చాయి. కత్తి కుచ్చుల మధ్య నుంచి వెళ్తుంది, అవి పక్కకు ఒరిగి మళ్లీ లేస్తాయి, గాలికి కావలసినంత సందు. బట్టకు అంపశయ్య వేసినట్టే, కాకపోతే ఇక్కడ బాణాలు వంగుతాయి. ఆ కుచ్చులూ అరుగుతాయి, పీచు పడతాయి, వాటినీ మారుస్తారు. 1994లో అమెరికా జాతీయ టెక్నాలజీ పతకం అందుకున్న మనిషి మెషీన్‌లోనే పరుపు అరిగే సామానైతే, సోఫా షాపు ఫోమ్‌కు చిరంజీవత్వం ఎక్కడిదో శాస్త్రం చెప్పలేదు.

పని సాగే పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు. పొరల మీద పలచటి పాలిథిన్ షీటు కప్పితే పైనుంచి గాలి దూరదు. కింద చిల్లుల కాగితం పరిస్తే అడుగు పొర ఫోమ్‌లోకి కుంగదు, పీచు తక్కువ పడుతుంది. సరుకు లేని బల్ల భాగాన్ని వాల్వుతో మూసేయాలి. మార్కర్‌ను రోజుకొక చోటికి జరపాలి. రౌటర్ వాళ్లు ఫోమ్ మానేసి ఎం.డి.ఎఫ్. పలక వేసుకుంటే దాని రెండు గట్టి ముఖాలూ పలచగా చెక్కేయాలి, అప్పుడు దాని లోపలి నుంచి గాలి పోతుంది. గాట్లు పడితే ఇంకో పొర చెక్కాలి. అలా చెక్కుతూ పలక పలచబడ్డాక మార్చాలి. ఈ చివరి వాక్యం దగ్గరే చాలామంది ఓనర్లు పుస్తకం మూసేస్తారు.

తీసేసిన ఫోమ్ తుక్కు వ్యాపారికి వెళ్తుంది. కిలోల లెక్కన కొంటాడు కాబట్టి లోపల పట్టిన నూలు పీచుకు కూడా డబ్బొస్తుంది, మెషీన్ మీద అది సంపాదించిన డబ్బు ఇదొక్కటే. ఫ్యాక్టరీల్లో ఇలాంటి తుక్కును చిన్న ముక్కలు చేసి, జిగురు కలిపి, అదిమి రంగురంగుల దిమ్మెలు పోస్తారు. పరుపుల అడుగున వేసే రీబాండెడ్ ఫోమ్ అదే. చాలా గట్టిగా ఉంటుంది, డెన్సిటీ వంద దాకా చెబుతారు, గాలి ఒకచోట పోతుంది, జిగురున్న చోట పోదు. సోఫా షాపులో దాన్ని చూసి, ఇంత గట్టిది ఇన్నాళ్లూ ఎందుకు చూపించలేదని అడిగి, కటింగ్ టేబుల్ కొలతలకు కోయించుకుని పోయేవాళ్లున్నారు.