కాటాకెక్కని కేలరీలు

అనకాపల్లి బెల్లం మార్కెట్లో మాట మీద సరుకు కదలదు. కొనేవాడు దిమ్మ రంగు చూస్తాడు, మూల గిల్లి నోట్లో వేసుకుంటాడు, అంతా అయ్యాక కాటా మీద పెట్టిస్తాడు. ఆ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. వంద గ్రాములు తేడా వచ్చిందా, యార్డు దద్దరిల్లిపోతుంది.

అదే పెద్దమనిషి సాయంత్రం షార్టు తొడుక్కుని జిమ్ముకెళ్తాడు. ట్రెడ్‌మిల్ ఎక్కుతాడు. ఎర్ర అంకెల్లో 140 కేలరీలని పడగానే కళ్లకద్దుకుంటాడు. ఏ కాటా తూచింది, ఎవరు ముద్ర వేశారు అని అడగడు. ఇంతలో ఫోను మోగుతుంది. బెల్టు ఆపకుండానే రెండు కాళ్లూ చెరో పక్క గట్టు మీద పెట్టి, మూడు నిమిషాలు తాపీగా బెల్లం ధర మాట్లాడతాడు. కింద బెల్టు ఒంటరిగా పరిగెడుతూనే ఉంటుంది. ఫోను పెట్టేసి చూస్తే 152. ఆ పన్నెండు కేలరీలూ ఖర్చయింది ఆయన ఒంట్లోంచి కాదు, జిమ్ము కరెంటు మీటర్లోంచి.

యంత్రాన్ని తప్పుపట్టడానికి లేదు. పాపం దానికి తెలిసినవి రెండే: బెల్టు వేగం, వాలు. పైన నడుస్తున్నది మనిషా, మినప బస్తానా అన్నది చాలా యంత్రాలకి పట్టదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వారి సూత్రం ఒకటుంది. వేగాన్నీ వాలునీ అందులో వేస్తే, శరీరం కిలోకి ఎంత ఆక్సిజన్ వాడుతుందో ఒక అంచనా వస్తుంది. లీటరు ఆక్సిజన్‌కి సుమారు 5 కేలరీలు. దాన్ని బరువుతో గుణిస్తే సరి. అంటే తెర మీద కనిపించేది కొలత కాదు, ఎక్కం. నిజంగా కొలవాలంటే ముక్కూ నోరూ మూసే మాస్కు తగిలించి, పీల్చేదీ వదిలేదీ పట్టాలి. నెలవారీ ఫీజులో ఆ వైభోగం రాదు.

మరి ఎవరి బరువు? బటన్ నొక్కి సొంత బరువు చెప్పే ఓపిక ఎవరికుంది! చెప్పకపోతే చాలా యంత్రాలు 70 కిలోల దరిదాపుల్లో ఓ మనిషిని ఊహించుకుంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్కలు కట్టినప్పుడు ప్రామాణిక పురుషుడి బరువు 65 కిలోలు, స్త్రీ బరువు 55 కిలోలుగా తీసుకుంది. ఆ 55 కిలోల ఆవిడ గంటకు 5 కిలోమీటర్ల వేగంతో అరగంట నడిచిందనుకుందాం. 70 కిలోల ఊహామనిషి పేరు మీద యంత్రం 124 కేలరీలు జమ వేస్తుంది. ఆవిడ అసలు బరువుతో లెక్కేస్తే 98. పోనీ అన్నా అయిపోలేదు. ఆ అరగంటా ఆవిడ సోఫాలో కూర్చుని సీరియల్ చూసినా ఊపిరి ఆడాలి, గుండె కొట్టుకోవాలి. వాటికయ్యే 29 కేలరీలూ అందులోనే కలిసి ఉన్నాయి. అవి తీసేస్తే నడకకి దక్కేది 69. ఊరి లెక్కలో చెప్పాలంటే, నిమ్మకాయంత బెల్లం ముక్క కరిగిందని యంత్రం చెబుతుంది. కరిగింది ఉసిరికాయంత. కడ్డీ మీద ఒళ్లంతా వాల్చి నడిస్తే అదీ తగ్గుతుంది. వాలు పెంచుకుని మరీ కడ్డీకి వేలాడేవాళ్ల సంగతి సరేసరి, వాళ్లు కొండెక్కుతున్నట్టు యంత్రం అనుకుంటుంది. పక్కనే శంకరంలో బొజ్జన్నకొండ మెట్లున్నాయి గానీ వాటికి తెర లేదు కదా!

ట్రెడ్‌మిల్ ఇంకా నయం. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ కేంద్రం ఒకటి ఓ టీవీ కార్యక్రమం కోసం ఈ యంత్రాలను పరీక్షించింది. సైకిల్ 7 శాతం ఎక్కువ చూపింది, మెట్ల యంత్రం 12, ట్రెడ్‌మిల్ 13. ఎలిప్టికల్ ఏకంగా 42 శాతం. జిమ్ముల్లో ఎలిప్టికల్ దగ్గర ఎందుకంత క్యూ ఉంటుందో దీంతో అర్థమవుతుంది. తక్కువ చెమటకి ఎక్కువ మార్కులేసే మాస్టారంటే ఎవరికి చేదు?

యంత్రాన్ని నమ్మనివాళ్లు చేతి గడియారాన్ని నమ్ముతారు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 60 మంది చేతులకి ఏడు రకాల పట్టీలు కట్టి చూశారు. ఏడింటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతంలోపు తేడాతో చక్కగా చెప్పాయి. కేలరీల దగ్గరకొచ్చేసరికి అన్నిటికన్నా మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం. మార్కెట్లో అలాంటి కాటా పెడితే హమాలీలే ఎత్తి శారదా నదిలో పడేసేవారు.

నడక మంచిదే, కాదనేవారు లేరు. నిన్నటికన్నా ఇవాళ ఎక్కువ నడిచామా అని అదే యంత్రం మీద చూసుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది కూడా. చిక్కల్లా దాన్ని కరెన్సీ చేసి టిఫిన్ సెంటర్లో మార్చుకోబోయినప్పుడు. "మూడొందలు కరిగించాం, ఇంకో రెండు గారెలు వెయ్యి" అనే గిరాకీని ఏ కొట్టువాడు వద్దంటాడు!

ఇక కరెంటు పోయిన సాయంత్రం చూడాలి జిమ్ముని. బెల్టు ఆగుతుంది, ఫ్యానాగుతుంది, 212 మీదున్న తెర నల్లబడుతుంది. నలభై నిమిషాలు నడిచి, బనీను పిండితే నీళ్లు కారేలా తడిసిన మనిషి, కరెంటొచ్చాక తెర మీద సున్నా చూసి గతుక్కుమంటాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఇవాళ్టిది లెక్కలో పడలేదు గురూ" అంటూ మళ్లీ బెల్టెక్కుతాడు.