స్తంభపాద పత్రము – టీకా తాత్పర్య సహితము

అవతారిక

కాళిదాసుకు వ్యాఖ్యాత మల్లినాథసూరి ఎలాగో, స్ట్రక్చరల్ ఇంజనీరుకు డిటెయిలర్ అలాగ. ఇంజనీరు కావ్యం రాస్తాడు. ఇక్కడొక స్తంభం, అక్కడొక దూలం, రెండూ కలిసేచోట ఇంత బలం పడుతుందని ఒక బాణం గుర్తు, అంతే. ఆ బాణం గుర్తులో ఎన్ని బోల్టులున్నాయి, ప్లేటు మందమెంత, వెల్డింగు ఎన్ని అంగుళాలు సాగాలి, కాంక్రీటులోకి రాడ్డు ఎంత లోతు దిగాలి? ఇవన్నీ విడదీసి, అన్వయించి, షాపులో గ్యాస్ కట్టర్ పట్టుకున్నవాడికి సందేహం మిగలకుండా గీసి ఇచ్చేవాడు డిటెయిలర్.

మెదక్ జిల్లా కొల్చారం మల్లినాథుడి ఊరు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది పలకననీ ఆయన వ్యాఖ్య మొదట్లోనే మాట ఇచ్చుకున్నాడు. అక్కడికి దగ్గర్లోని హైదరాబాదులో కూర్చుని, అమెరికా భవనాలకు షాప్ డ్రాయింగులు గీస్తున్న మనవాళ్లు తెలిసో తెలియకో ఆ మాటకే కట్టుబడి ఉద్యోగం చేస్తున్నారు. డిజైన్ షీటులో లేని కొలత ఒక్కటి సొంతంగా వేశారా, చెకర్ ఎర్ర సిరా పెడతాడు. సరిగ్గా ఉన్నదాని మీద పసుపు పూస్తాడు. పసుపు శుభం, ఎరుపు ఓవర్‌టైం.

ఇక్కడ వ్యాఖ్యానానికి ఎంచుకున్నది ఆ వాఙ్మయంలో అతి సామాన్యమైన షీటు. ఉక్కు స్తంభం కాంక్రీటు పునాది మీద కాలు మోపే చోటు, అనగా బేస్ ప్లేటు. మూలం అయిదు సూత్రాలు. ఛందస్సు సంగతికొస్తే, ఆంగ్లంలో అన్నీ పెద్ద అక్షరాలే. సర్వగురువులు, లఘువు మచ్చుకైనా లేదు.

ప్రథమ సూత్రం: డూ నాట్ స్కేల్ డ్రాయింగ్.

టీక: డ్రాయింగ్ = ఈ బొమ్మను; స్కేల్ = స్కేలు పెట్టి కొలుచుట; డూ నాట్ = కూడదు.

తాత్పర్యం: వెంట్రుకవాసి తేడా లేకుండా గీసిన ఈ బొమ్మను నమ్మకండి, పక్కన వేసిన అంకెను నమ్మండి.

శంక: నమ్మకూడనిదాన్ని అంత నిక్కచ్చిగా గీయడమెందుకు? సమాధానం: ప్రింటరులో ‘ఫిట్ టు పేజ్’ అనే మాయ ఒకటుంది. దానివల్ల 24 అంగుళాల షీటు సైటుకు చేరేసరికి 11 అంగుళాలవుతుంది. అంకెలు చిన్నవవుతాయి గానీ మారవు. తక్కినది స్పష్టం.

ద్వితీయ సూత్రం: టిప్. యు.ఎన్.ఓ.

టీక: టిప్. = ఒక్కచోట చూపినదే అంతటా అని గ్రహించవలెను; యు.ఎన్.ఓ. = వేరొకచోట వేరొకటి చెప్పని పక్షమున. ఐక్యరాజ్యసమితి అని చెప్పే కొత్త శిష్యుల వ్యాఖ్య అగ్రాహ్యం.

తాత్పర్యం: ఒక స్తంభానికి గీశాను, అన్నిటికీ అదే అనుకోండి, కాదన్న చోట కాదు.

విశేషం: వ్యాకరణంలో సామాన్య విధి, అపవాదం ఉన్నట్టే ఇదీను. అపవాదం ఎక్కడుందో సూత్రకారుడు చెప్పడు. పక్క షీటులో ఉండవచ్చు, స్పెసిఫికేషన్‌లో ఉండవచ్చు, ఆర్కిటెక్టు గీసిన మెట్ల బొమ్మ వెనక దాక్కుని ఉండవచ్చు. మూలలోని స్తంభం పక్కనే కాంక్రీటు అంచు ఉంటుంది, నాలుగు రాడ్లలో రెండు ఆ అంచుకు మరీ దగ్గరగా వస్తాయి. అక్కడ ‘టిప్’ అని వదిలేస్తే అంచు పగిలిపోతుంది. డిటెయిలర్ పనిలో సగం అపవాదాల వేట.

రెండు షీట్లు పరస్పరం విరుద్ధంగా పలికితే? మల్లినాథుడికి కాళిదాసును అడిగే వసతి లేదు. డిటెయిలర్‌కు ఉంది, దాని పేరు ఆర్.ఎఫ్.ఐ. ప్రశ్న రాసి, రెండు షీట్ల ముక్కలు అంటించి, ఎర్ర గీత గీసి, సాయంత్రం పంపితే అమెరికాలో అప్పుడే తెల్లవారుతుంది. జవాబు ‘డ్రాయింగు చూడుడు’ అని వస్తుంది.

తృతీయ సూత్రం: యాంకర్ రాడ్స్ 4. డయా 3/4 అంగుళం. హోల్స్ 1-5/16. ప్లేట్ వాషర్స్.

ఈ పత్రానికి ఆయువుపట్టు ఇదే కనుక ఇక్కడ కొంత నిలవాలి.

టీక: యాంకర్ రాడ్స్ = కాంక్రీటులో ముందే పాతి, మరలు పైకి కనబడునట్లు నిలిపిన కడ్డీలు; 4 = నాలుగు; డయా = అడ్డుకొలత; హోల్స్ = ఆ కడ్డీలు దూరుటకు బేస్ ప్లేటునందలి బెజ్జములు; ప్లేట్ వాషర్స్ = ఆ బెజ్జముల మీద కప్పు దళసరి బిళ్లలు.

శంక: ముప్పావు అంగుళం రాడ్డుకు అంగుళం పైన అయిదు పదహారోవంతుల బెజ్జమా? అదే ముప్పావు అంగుళం బోల్టు ఉక్కుకూ ఉక్కుకూ నడుమ పడితే మామూలు బెజ్జం 13/16 అంగుళమే, అంటే వెసులుబాటు పదహారోవంతు. కాంక్రీటు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది పదహారోవంతులు. ఒకే లావు కడ్డీకి తొమ్మిదింతల చనువు ఎలా చెల్లింది? ముద్రారాక్షసం కాదు గదా?

సమాధానం: కాదు. అమెరికా ఉక్కు నిర్మాణ సంస్థ ఏఐఎస్‌సీ సూచించే కొలతే అది. కారణం చూడండి. ఉక్కు షాపులో బెజ్జం వేసేది యంత్రం, అది కంప్యూటరు మాట వింటుంది. కాంక్రీటు దగ్గర రాడ్లను చెక్క టెంప్లేటుకు కట్టి, వాన వెలిసిన గోతిలో నిలబెట్టి, పైనుంచి తడి కాంక్రీటు కుమ్మరించి, వైబ్రేటరు దించుతారు. ఆ కుదుపుకు రాడ్డు కాస్త పక్కకు జరుగుతుంది. మర్నాటికి గట్టిపడి, అక్కడే యావజ్జీవం ఉంటుంది. ఉక్కు వాడి లెక్క పదహారోవంతుల్లో, కాంక్రీటు వాడి లెక్క ‘సుమారుగా’లో. ఈ ఇద్దరి మధ్య తగవు రాకుండా వదిలిన జాగా ఆ పెద్ద బెజ్జం.

అంత పెద్ద బెజ్జం మీద మామూలు వాషరు వేస్తే అంచులు ఆనీ ఆనక, నట్టు బిగించేసరికి లోపలికి కుంగుతుంది. అందుకని ప్లేట్ వాషరు. మూలంలో ఒక్క మాటే, దానికింత అర్థం.

వెసులుబాటు చాలనిచోట సైటులో ఇంకో వ్యాఖ్యానం నడుస్తుంది. పెద్ద సుత్తితో రాడ్డు వంచేవారు ఒక శాఖ, గ్యాస్‌తో బెజ్జాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి కోసేవారు మరొక శాఖ. రెండూ అపసిద్ధాంతాలే. వంచిన రాడ్డు నిఠారుగా ఉన్నట్టు ఫోటోలో కనబడేలా నిలబడి తీయడం మూడో శాఖ.

ఇక ‘4’ అనే అంకె. లోపలి స్తంభం మీద భారం కిందికే గదా, లాగేసేది ఏమీ లేదు గదా, రెండు రాడ్లు చాలవా అని పూర్వపక్షం. ఒకప్పుడు రెండే వేసిన కట్టడాలున్నాయి. అయితే స్తంభం లేచిన తొలి గంటల్లో దూలాలుండవు, అది ఒంటరిగా నిలబడి ఉంటుంది. అప్పుడే ఉక్కు నిలబెట్టే ఎరెక్టరు దాన్ని ఎక్కుతాడు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 2001లో తెచ్చిన నిబంధన ప్రకారం స్తంభానికి కనీసం 4 రాడ్లు, అవీ స్తంభం బయటి ముఖానికి 18 అంగుళాల దూరంలో, ఏ పక్కనైనా సరే, 300 పౌండ్ల బరువు వేలాడినా తట్టుకోవాలి. అంటే పనిముట్లతో సహా ఒక మనిషి ఒక పక్కకు ఒరిగితే అతడితోపాటు స్తంభం రాకూడదు. ఈ ‘4’ భవనంకోసం వేసిన అంకె కాదు. సాయంత్రానికి దిగి ఇంటికి వెళ్లవలసిన మనిషికోసం వేసినది. టీకల్లో ఇంత దయ ఉన్న అంకె నేను మరొకటి చూడలేదు.

చతుర్థ సూత్రం: గ్రౌట్ 1-1/2 అంగుళం, నాన్‌ష్రింక్, బై అదర్స్.

టీక: గ్రౌట్ = పునాదికీ ప్లేటుకూ నడుమ పోయు పలుచని సిమెంటు ద్రవము; నాన్‌ష్రింక్ = ఆరినను కుంచించుకొననిది; బై అదర్స్ = అన్యులచేత.

తాత్పర్యం: పునాది పైభాగం నున్నగా, సమంగా రాదని ముందే తెలుసు కాబట్టి అంగుళంన్నర తగ్గించే పోస్తారు. ప్లేటును నట్ల మీదనో రేకుల మీదనో సరైన ఎత్తుకు తెచ్చి, కింది ఖాళీని గ్రౌట్‌తో నింపుతారు. మామూలు సిమెంటు ఆరుతూ కుంచించుకుపోతుంది, ప్లేటు కింద కంటికి కనబడని సందు మిగులుతుంది. అప్పుడు భవనం బరువంతా నాలుగు నట్ల మీదే.

ఇక అన్యులు. ఈ షీటు ఉక్కు కాంట్రాక్టరుది. అతని సామ్రాజ్యం ప్లేటు అడుగుతో సరి. కాంక్రీటు షీటు తెరిస్తే పునాది పైభాగంతో సరి, ‘గ్రౌట్ బై అదర్స్’. ఆర్కిటెక్టు షీటు తిప్పితే ‘స్ట్రక్చరల్ చూడుడు’. ముగ్గురూ నిజమే చెప్పారు. ఆ అంగుళంన్నర మాత్రం త్రిశంకు స్వర్గంలో ఉంది. అంతస్తులన్నీ దాని మీదే నిలబడాలి. ఈ అన్యులు సాకారులా, నిరాకారులా అని చాలా చర్చ జరిగింది. బిల్లు పంపేటప్పుడు మాత్రం సాకారులే అని నా అభిప్రాయం.

పంచమ సూత్రం: వి.ఐ.ఎఫ్.

టీక: క్షేత్రమునందు సరిచూచుకొనునది. క్షేత్రం ఒహాయోలో, గీసేవాడు మాదాపూర్‌లో, గడువు శుక్రవారం.

ప్రక్షిప్తం: కొన్ని ప్రతుల్లో ఆరో సూత్రం కూడా కనబడుతుంది: విజాతీయ లోహములు తాకరాదు, నడుమ ఐసొలేషన్ ఉంచునది. బేస్ ప్లేటుకు ఇది అంతగా పట్టదు కాబట్టి ఎవరో వేరే షీటునుంచి కాపీ కొట్టారని నమ్మకం. అయినా వదలదగినది కాదు. న్యూయార్కు రేవులోని లిబర్టీ విగ్రహం 1886 నాటిది. పైన రాగి తొడుగు, లోపల ఇనుప చట్రం. ఉప్పుగాలి తగిలేచోట ఈ రెండూ అంటుకుంటే ఇనుము తినేయబడుతుందని అప్పుడే ఎరిగి, మధ్యలో లక్క పూసిన ఆస్‌బెస్టాస్ పెట్టారు. కాలక్రమంలో ఆ అడ్డు చెడింది, ఇనుము తుప్పుపట్టి ఉబ్బింది. 1986 శతజయంతి నాటికి ఇనుప పట్టీలన్నీ తీసి స్టెయిన్‌లెస్ స్టీలు వేసి, నడుమ టెఫ్లాన్ పెట్టారు. ఒక్క పొర ప్రక్షిప్తమనుకుంటే ఇంత పని.

పాఠాంతర విచారం

రివిజన్ వచ్చినప్పుడు మారినచోటు చుట్టూ మబ్బు ఆకారం గీస్తారు. మల్లినాథుడు టీక రాసిన మేఘసందేశంలో మేఘం ఒక్కటే; మన షీటు ఆరో రివిజన్‌కు వచ్చేసరికి ఆకాశం నిండిపోతుంది. ఆ మబ్బులో ఏముందో చదివి సంతకం చేయడం మూలకర్త విధి. చదవకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఈ వృత్తిలో అందరికీ తెలుసు. అక్కడ హాస్యం లేదు.

కాన్సస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్. లాబీ మీదుగా గాల్లో వేలాడే నడవలు. నాలుగో అంతస్తు నడవ కింద రెండో అంతస్తుది. మూలపాఠం ప్రకారం పైకప్పునుంచి రెండో అంతస్తుదాకా ఒకే పొడవైన రాడ్డు. కింది నడవ బరువు రాడ్డు గుండా నేరుగా పైకప్పుకు పోతుంది, నాలుగో అంతస్తు నట్టు మీద నాలుగో అంతస్తు బరువే. కానీ రాడ్డు మధ్యలో నట్టు నిలవాలంటే పొడవునా మరలు కోయాలి, కష్టం. షాప్ డ్రాయింగులో ఆ ఒక్క రాడ్డు రెండయింది: పైకప్పునుంచి నాలుగో అంతస్తు దూలానికి ఒకటి, ఆ దూలంనుంచి కిందికి మరొకటి. బొమ్మలో చూస్తే చిన్న మార్పు. భారంలో చూస్తే నాలుగో అంతస్తు నట్టు మీద పడేది రెట్టింపు. అసలు మూలపాఠమే నిబంధన కోరిన బలంలో దాదాపు 60 శాతానికే సరిపోయేదని తరవాత తేలింది. పాఠాంతరం మీద ఇంజనీర్ల ముద్ర పడింది. 1981 జులై 17 సాయంత్రం, జనం నిండిన లాబీలో నడవలు కూలి 114 మంది చనిపోయారు. ఇంజనీర్ల లైసెన్సులు రద్దయ్యాయి.

మూలంలో లేనిది రాయకూడదన్న మల్లినాథుడి నియమం పండితుల పట్టుదల అనుకుంటాం. అక్కడ అది పాటించి ఉంటే, లేదా రాసినదాన్ని మూలకర్త చదివి ఉంటే, కనీసం ప్రశ్న లేచేది.

గద్య

మన కవులు ఆశ్వాసం చివర తండ్రి పేరు, గోత్రం, బిరుదులు, ఏ దేవుడి కటాక్షమో అన్నీ చెప్పుకుంటారు. షీటుకు కుడివైపు అడుగున టైటిల్ బ్లాకు ఉంటుంది. కంపెనీ పేరు పెద్దది, భవనం పేరు ఇంకా పెద్దది, స్టాంపులో ‘సామాన్య అనుగుణ్యతకు మాత్రమే చూడబడినది’ అని ఇంజనీరు రక్షరేకు. గీసినవారు అన్నచోట రెండు పొడి అక్షరాలు, చూసినవారు అన్నచోట రెండు, తేదీ. తరవాతి రివిజన్‌లో ఆ గడిలో ఇంకెవరివో రెండు అక్షరాలుంటాయి.