నలభై అయిదు అక్షరాల దగ్గు

ఇంగ్లిష్ మీడియం బడి కరపత్రం మీ గుమ్మంలోనూ పడే ఉంటుంది. రాయచూరు జిల్లా గబ్బూరులో వానకన్నా ముందొచ్చేది అదే. ఈసారి పాట మారింది. బస్సు, బెల్టు, కంప్యూటరు పాతబడ్డాయి. ఇప్పుడంతా ‘అక్షరాల వారీగా ఇంగ్లిష్ మాటలు, అర్థాలతో సహా, రోజుకు పది’. ఒకరోజు క్యూ ఉండి పక్కన యు లేని మాటలు. ఒకరోజు అచ్చులైదూ వరసగా వచ్చేవి: ఫెసీషియస్, ఆబ్‌స్టీమియస్. మొదటిదానికి అర్థం వేళాపాళా లేని వేళాకోళం, రెండోదానికి మితాహారం. మొదటిది నాకు పుట్టుకతో వచ్చింది. రెండోది ఫీజు కట్టాక మా మేనల్లుడికి వచ్చింది.

ఓ, యు, జి, హెచ్ నాలుగూ కలిసొచ్చే మాటలకు ఏకంగా ఒక వారం. కాఫ్, త్రూ, డో, బౌ, టఫ్: రాత ఒకటే, పలుకు అయిదు రకాలు. ఐరిష్ నాటకకర్త బెర్నార్డ్ షా ఈ తలనొప్పి భరించలేక, కొత్త అక్షరమాల చేయించమని వీలునామాలో డబ్బు రాసిపెట్టి 1950లో కన్నుమూశాడు. ఆయన వదిలించుకోవాలని డబ్బిచ్చిన తలనొప్పిని మనం డబ్బిచ్చి కొనుక్కుంటున్నాం.

ఇదంతా చిల్లర సరుకు. అసలు సరుకు నలభై అయిదు అక్షరాలది.

పోయిన ఆదివారం అక్క ఇంటికి వెళ్తే, ఆరో తరగతి మనవణ్ణి నట్టింట్లో నిలబెట్టారు. వాడు చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి వదిలాడు: నిమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కనోకోనియోసిస్! మా అక్క దిష్టి తీసింది. పక్కింటాయన చప్పట్లు కొట్టాడు. ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా పొడుగు మాటట. తెలుగులో అన్నిటికన్నా పొడుగు మాట ఏదని నేనడిగితే అందరూ నన్ను ఫెసీషియస్‌గా చూశారు.

ఈ మాట పుట్టుక తెలుసా? 1935లో అమెరికాలో పజిళ్లు కట్టేవాళ్ల సంఘానికి ఎవరెట్ స్మిత్ అనే ఆయన అధ్యక్షుడు. పొడుగు మాట కావాలి గనుక, పొడుగు కోసమే దీన్ని అతికాడు. రోగి కోసమో డాక్టరు కోసమో పుట్టింది కాదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా ఇది కల్పించిన మాటేనని ఒప్పుకుంటుంది. తొంభై ఏళ్ల కిందట అక్కడ పొద్దుపోక ఆడుకున్న ఆట ఇవాళ గబ్బూరులో చదువై కూచుంది.

విడదీసి చూడండి, ఇంకా సొగసుగా ఉంటుంది. నిమోనో అంటే ఊపిరితిత్తులు. అల్ట్రామైక్రోస్కోపిక్ అంటే సూక్ష్మదర్శినికీ అందనంత సన్నటిది. సిలికో సరే, రాతిపొడి. వోల్కనో అంటే అగ్నిపర్వతం. మా రాయచూరు జిల్లాలో అగ్నిపర్వతం లేదు. దాని లోటు తెలియనంత ఎండ ఉంది.

ఇంతవరకూ నవ్వాను. తరవాత వాణ్ణి అర్థం చెప్పమన్నారు. ‘సన్నటి సిలికా దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు’ అని ఇంగ్లిష్‌లో, ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాడు. అదే సమయానికి వెనక గదిలో మా బావ దగ్గాడు.

మా బావ ఇరవై ఏళ్లు కంకర మిషన్ దగ్గర పనిచేశాడు. ముక్కుకు తువ్వాలు చుట్టుకోవడమే ఆయనకున్న రక్షణ. రాయచూరు డాక్టరు చీటీ మీద రాసిన మాట సిలికోసిస్. ఇంగ్లిష్‌లో తొమ్మిది అక్షరాలే. ఊపిరితిత్తుల్లో దిగిన రాతిపొడిని తీసే మందు లేదు; రాకుండా చూసుకోవడమొక్కటే దారి. రాయి తొలిచేటప్పుడు నీళ్లు కొట్టాలి, సరైన మాస్కు ఇవ్వాలి. ఈ జిల్లాలో హట్టి బంగారు గని ఉంది, రాళ్లు కొట్టి బతికే ఇళ్లున్నాయి. ఇక్కడి పిల్లలకు తప్పకుండా తెలియాల్సిన జబ్బు పేరును, అర్థం ఎండిపోయేదాకా సాగదీసి, బహుమతి పెన్ను కోసం వల్లె వేయిస్తున్నారు. అర్థం వెనక గదిలో దగ్గుతుంటే, తలుపు దగ్గరగా వేసి పిల్లవాడితో అర్థం చెప్పించారు. ఒళ్లు మండదా?

ఇంగ్లిష్ వద్దని నేననడం లేదు. కావాలి గనుకే కడుపుమంట. పత్తి చేనుకు మందు కొట్టే మేనల్లుడి డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటుంది. ‘యాంటిడోట్’ అని సన్నటి అక్షరాల్లో ఉంటుంది, విరుగుడు అని. ఆ మాట ఈ పిల్లవాడికి రాదు. అది ఏ అక్షరం వారంలోనూ పడలేదట.

ఈ నేలకు చదువు కొత్త కాదు. గబ్బూరు ఒకప్పుడు గోపురగ్రామం, పేరున్న విద్యాకేంద్రం. ఇదే జిల్లాలోని మస్కిలో 1915లో బీడన్ అనే గని ఇంజనీరుకు అశోకుడి శాసనం దొరికింది. చక్రవర్తి అంతటివాడు వాడుక భాష అయిన ప్రాకృతంలో చెక్కించాడు. ఆయనకు పొడుగు మాటలు రాక కాదు.

వచ్చేముందు మనవణ్ణి పిలిచి, ‘మీ తాతకు వచ్చేదేమిట్రా, రాయి’ అని పలక చేతికిచ్చాను. ‘దగ్గు తాతా’ అంటూ రాశాడు: డి, ఏ, జి, జి, యు. తెలుగులో రాయమంటే నేర్పలేదన్నాడు. కన్నడంలో రాయమంటే బడిలో తిడతారన్నాడు. పోనీ ఇంగ్లిష్ దగ్గయినా రాయమన్నాను. సి, ఓ, యు దాకా వచ్చి ఆగి, అది పోయిన నెల పరీక్షతో అయిపోయిందన్నాడు.

లోపల మాత్రం ఇంకా అవలేదు.