పోయినోళ్లకు లేని చిక్కు

మన రాష్ట్రంలో పేదల వైద్య పథకం పేరు 2007లో పుట్టినప్పుడు ఆరోగ్యశ్రీ, మధ్యలో ఎన్టీఆర్ వైద్యసేవ, 2019లో వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్లీ ఎన్టీఆర్. కిడ్నీ జబ్బుల ఉద్దానంలో క్రియాటినిన్‌కు మాత్రం ఏ సర్కారూ పేరు మార్చలేదు. అందుకే కాబోలు, దిగిరానంటోంది.

ఇక నిఘా సంగతి. 2023లో కాగ్ వారు కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్ లెక్కలు తిరగేస్తే, వరసగా పది తొమ్మిదులున్న ఒకే ఒక్క సెల్ నంబరు కింద దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారులు తేలారు. అప్పటికే చనిపోయినట్టు నమోదైన 3,446 మంది పేరిట వైద్యానికి రూ.6.97 కోట్లు చెల్లించారు. (స్వర్గంలోనూ నెట్‌వర్క్ ఆసుపత్రి తెరిచారన్నమాట!) దీనికన్నా పలాసలో జీడిపప్పు ఒలిచి గ్రేడింగ్ చేసే అమ్మను నిఘా కుర్చీలో కూర్చోబెడితే నయం. గుండ్లలో ఒక్క బద్ద కలిసినా ఆవిడ చెయ్యి టక్కున ఆగుతుంది.

కానీ ఆవిడకే డయాలసిస్ అవసరమైందనుకోండి. జీడి రసానికి వేళ్ల గీతలు అరిగిపోయి ఉంటాయి. నాలుగుసార్లు కొంగుకు తుడిచి నొక్కినా, 'నువ్వు నువ్వు కాదు పో' అంటుంది వేలిముద్ర మిషను. పోయినోళ్లకు లేని చిక్కు బతికున్న మనిషికి!

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన కొత్త వైద్య విధానంలో రూ.2.5 లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన రూ.25 లక్షల దాకా ప్రభుత్వ ట్రస్టు చూసుకుంటాయట. అక్టోబరులో బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులే సేవలు ఆపేశాయి. మరి బిల్లు రూ.2.51 లక్షలైతే, టెక్కలి రోగి ఆ చివరి వెయ్యి కోసం ఏ గుమ్మంలో చాప పరవాలో?