జోంగాకు చలేస్తోంది

పాత మిలిటరీ బండి కొన్నవాళ్లు ముందు చెప్పే మాట, ‘‘ఇలాంటి మొండి బండి ఇప్పుడెక్కడ దొరుకుతుందండీ!’’ తర్వాత చెప్పే మాట, ‘‘దీనికి ఏసీ పెట్టే మెకానిక్ ఎవరైనా తెలుసా?’’ ఈ రెండు మాటల మధ్య గడిచేది మహా అయితే ఒక వేసవి. అదీ పూర్తిగా కాదు. రోహిణి కార్తె దాకా ఓర్చుకున్న వీరుణ్ణి నేనింకా చూడలేదు.

మన వైపు ఈ మోజుకు ఎక్కువగా చిక్కేది జోంగా. కంటోన్మెంటు గోడల పక్కన పెరిగినవాళ్లకు పరిచయం అక్కర్లేదు. జపానువాళ్ల నిస్సాన్ పాట్రోల్‌ను లైసెన్సు మీద తెచ్చుకుని 1969 నుంచి జబల్‌పూర్‌లో మన సైన్యం కోసం తయారుచేశారు. అక్కడి ఆయుధ కర్మాగారాల ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు కలిపితే జోంగా అయింది. ఆరు సిలిండర్లు, 3,956 సీసీ పెట్రోల్ ఇంజిన్. లీటరుకు ఎంత ఇస్తుందని అడిగితే ఓనరు వాచీ చూసుకుని లేస్తాడు. దీని పెద్దన్న శక్తిమాన్ లారీ. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959లో అదే ఊళ్లో పుట్టి, 1990ల దాకా జవాన్లనూ రేషన్లనూ కొండలెక్కించింది. సర్వీసు అయిపోయాక ఇవన్నీ డిస్పోజల్ వేలానికి వస్తాయి. పాడుకున్నవాడి దగ్గర ఒకడు, వాడి దగ్గర ఇంకొకడు కొనగా కొనగా, చివరికి గచ్చిబౌలిలో ఏ ఫ్లాట్ల సెల్లారులోనో, రెండు కార్ల చోటు ఆక్రమించి, కింద నూనె మరక పెట్టుకుని తేలతాయి.

వీటికి ఏసీ లేదనడం అన్యాయం. ముందు అద్దం వదులుచేసి వంచితే బానెట్ మీద పడుకుంటుంది. గుడ్డ టాపు విప్పి చుట్టేస్తే పైన ఆకాశమే. కదిలితే గాలి, ఆగితే చెమట. బండి గీసిన ఇంజనీరు అంతకుమించి ఆలోచించలేదు. అదే మగతనమని, అదే సైనిక జీవితమని, అందుకే కొన్నామని మన పెద్దమనుషులు మొదటి నెలంతా చెబుతారు. రెండో నెలలో భార్యాపిల్లలు వెనక ఇంకో కారులో రావడం మొదలుపెడతారు. మూడో నెలలో ఈయన కూడా ఆ కారే ఎక్కుతాడు. నాలుగో నెలలో గ్యారేజీకి వెళతాడు.

‘‘భాయ్, దీనికి ఏసీ పెడితే కూలింగ్ వస్తదా?’’

‘‘ఎందుకు రాదు సార్, మస్తు వస్తది. కాకపోతే...’’

ఈ ‘కాకపోతే’ ఉందే, దాని లోతు కొలిచినవాడు లేడు. ఎలుకలు గోచీ కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చి, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చి, ఆవును మేపే దిక్కులేక పెళ్లాడిన సన్నాసి ఈ గ్యారేజీలోనే ఎక్కడో పానా పట్టుకుని ఉండాలి.

కంప్రెసర్‌ను ఇంజిన్ పక్కన కూర్చోబెట్టాలి. జోంగాకు సరిపోయే బ్రాకెట్ ఏ షాపులోనూ దొరకదు కాబట్టి ఇనుప పట్టీ కోసి వెల్డింగ్ చేస్తారు. బెల్టు వరస కుదరదు. మళ్లీ కోస్తారు, మళ్లీ అతుకుతారు. క్రాంక్ పుల్లీకి ఇంకో గాడి కావాలంటే లేత్ షాపు. ఇక కండెన్సర్. ఏసీ అనేది చల్లదనాన్ని పుట్టించే యంత్రం కాదు. లోపలి వేడిని మోసుకొచ్చి బయట పారబోసే కూలీ. పారబోసే చోటు సరిగ్గా రేడియేటర్ ముక్కు ముందు. ఆ రేడియేటరేమో తన ఇంజిన్ వేడికే ఆయాసపడుతున్న ముసలిది. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు ఆగితే, ఓనరు ముఖానికి చల్లగాలి, బండి ముఖానికి ఆవిరి. కాబట్టి కొత్త రేడియేటర్. దాని ముందు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు. వాటికి కరెంటు కావాలి. పాతకాలం డైనమో ఉన్న బండైతే, ఇంజిన్ మెల్లగా తిరిగేటప్పుడు అది ఇచ్చేది దాదాపు సున్నా. అంటే ఏ సిగ్నల్ దగ్గర ఫ్యాను తిరగాలో అక్కడే కరెంటు ఉండదు. కాబట్టి ఆల్టర్నేటర్. ఆల్టర్నేటర్ వచ్చాక పాత వైర్లు కాలతాయి. కాబట్టి కొత్త వైరింగ్.

ఇంతా చేసి స్విచ్చి వేస్తే చల్లగాలి వస్తుంది. అబద్ధమాడకూడదు, నిజంగానే వస్తుంది. వచ్చి, టాపు సందుల్లోంచి తిన్నగా బయటికి పోతుంది.

టన్ను ఏసీ అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని, అంటే సుమారు మూడున్నర కిలోవాట్లను బయటికి తోడేది. ఇటుక గోడలున్న పడగ్గదికి అది సరిపోతుంది, తలుపు వేసి ఉంటే. ఆ ఒక్క తలుపు ఓరగా వదిలినందుకు ఇళ్లలో ఎన్ని మాటలు పడతాం! అలాంటిది పలుచటి రేకు, పైన టార్పాలిన్, పక్కల తెరలు, కాళ్ల ముందు నాలుగు లీటర్ల ఇంజిన్ ఉన్న బండిని చల్లబరచబోతున్నాం. ఏప్రిల్ ఎండలో ఔటర్ రింగ్ రోడ్డు మీద దీని ఏసీ చల్లబరిచేది ఓనరును కాదు, మేడ్చల్ మండలాన్ని.

కాబట్టి గుడ్డ టాపు పోయి రేకు టాపు వస్తుంది. తెరలు పోయి అద్దాలు, వాటికి రబ్బరు బీడింగులు. నేలకు ఇన్సులేషన్, దాని మీద కార్పెట్. ముందుకు వంగే అద్దం ఇక వంగకుండా బిగించేస్తారు. బరువు పెరిగిందని పవర్ స్టీరింగ్, పవర్ స్టీరింగ్ వచ్చాక వేగం పెరిగిందని కొత్త బ్రేకులు. కంప్రెసర్ ఇంజిన్ నుంచి నాలుగైదు గుర్రాల శక్తి గుంజుకుంటోందని, పెట్రోలు తాగుతోందని, చివరికి అసలు ఇంజినే దించి ఏదో డీజిల్ ఇంజిన్ ఎక్కిస్తారు. ఆ మార్పు ఆర్సీలో ఎక్కిందా లేదా అన్నది ఓనరుకూ ఆర్టీవోకూ మధ్య వ్యవహారం. అద్దాలు బిగించాక లోపల నిశ్శబ్దంగా ఉందని మ్యూజిక్ సిస్టం.

అమెరికాలో 1940 మోడల్ ప్యాకర్డ్ కారుకు మొదటిసారి కంపెనీయే ఏసీ బిగించి అమ్మింది. సరంజామా డిక్కీలో సగం తినేసేది. ఆపాలంటే ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. మన గ్యారేజీలు బిగించిన కొన్నింటికి ఇప్పటికీ అదే స్విచ్చి.

ఇక ఇందులో మిలిటరీ ఏముంది? రంగు ఉంది కదా అంటారా? అదీ లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది చూడండి. రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరే వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. పైకి చూపే బాణం గుర్తున్న సైన్యం నంబరు వేలంతోనే పోయింది. కాబట్టి మన వీరుడి బండి ఇసుక రంగులోనో, మ్యాట్ నలుపులోనో, ‘ఇది ఆకుపచ్చే కానీ ఆ ఆకుపచ్చ కాదు’ అని పోలీసుకు వివరించాల్సిన రంగులోనో ఉంటుంది.

ఇంత జరిగాక ఈయన ‘ఒరిజినల్’ అంటాడు. నాకు నవ్వొచ్చేది ఇక్కడే. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు 20,000 రూపాయల ఫీజు మీద ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. దానికో షరతు. ఛాసీ, బాడీ, ఇంజిన్ పెద్దగా మారకుండా పుట్టినప్పటి రూపంలో ఉండాలి. తొలినాళ్ల జోంగాలకు ఇప్పుడిప్పుడే ఆ వయసొచ్చింది, కానీ రూపం గ్యారేజీలో ఉండిపోయింది. అలాంటి నంబరున్న బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతులకు, ఇలాంటి కొద్ది పనులకు మాత్రమే రోడ్డెక్కించాలన్నది ఇంకో షరతు. దానికి జోంగా ఓనర్లు భయపడనక్కర్లేదు. ఇంధనం, మరమ్మతులు అనే రెండు పనుల మీదే ఆ బండి ఏడాదంతా రోడ్డు మీద ఉండగలదు.

సైన్యానికే ఏసీ పడదని నేననడం లేదు. ఇరాక్ యుద్ధంలో అమెరికా హమ్వీలకు దళసరి కవచం తొడిగాక అద్దాలు దించే వీలు లేకుండా పోయింది. లోపల మనుషులు ఉడికిపోతారు కాబట్టి ఏసీలు పెట్టారు. మన టీ-90 ట్యాంకుల్లో రాత్రిపూట చూపు ఇచ్చే పరికరాలు రాజస్థాన్ వేడికి మొరాయిస్తే, ట్యాంకుకు ఏసీ కావాలని సైన్యమే అడిగింది. అక్కడ ఏసీ వెనక ఒక కారణం ఉంది. బాంబు ముక్కలు లోపలికి రాకుండా కిటికీ మూశారు, కిటికీ మూశారు గనక చల్లదనం పెట్టారు. మన పెద్దమనిషి ముందు చల్లదనం పెట్టి, ఆ చల్లదనం కోసం కిటికీ మూసి, మూసిన కిటికీలోంచి యుద్ధానికి వెళుతున్నట్టు ఫొటో దిగుతాడు. వెళ్లేది అనంతగిరికి, బజ్జీలకు.

నాకు ఏసీతో పేచీ లేదు. రెంటచింతల ఎండలో ఏసీ వద్దనేవాడు మనిషి కాదు. ఉక్కపోత భరించలేనని ఒప్పుకున్నవాడంటే గౌరవమే. ఆ కష్టం నాకు ఇష్టమని చెప్పి, ఆ కష్టాన్ని ఒక్కో మరా విప్పి బయట పారేసి, పేరు మాత్రం ఉంచుకునే పద్ధతి ఉంది చూశారూ, దానితోనే పేచీ.

నిజంగా ఆ కష్టంలో బతికేవాళ్లు మన రోడ్ల మీద రోజూ కనబడతారు. లారీ డ్రైవర్లు. చాలాకాలం మన దేశంలో లారీ అంటే కంపెనీ అమ్మేది ఛాసీ, ఇంజిన్ మాత్రమే. పైన చెక్క క్యాబిన్ కట్టేది విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బాడీ బిల్డర్లు. ఇంజిన్ సగం క్యాబిన్‌లోనే ఉంటుంది. దాని మూత మీద నాలుగు మడతలు దుప్పటి వేసి, పక్కన కూర్చున్న క్లీనర్ నిద్రపోతాడు. డ్రైవర్ మెడలో తడి తువ్వాలు. మే నెలలో చెన్నై-కోల్‌కతా హైవే మీద పగలంతా ఇదే. దీనికి ఏసీ పెట్టమంటే వచ్చే జవాబులు చాలాకాలంగా వింటున్నవే. డీజిలు ఎక్కువ తాగుతుంది, ఖర్చు పెరుగుతుంది, చల్లగా ఉంటే డ్రైవర్ నిద్రపోతాడు. (ఓనరు ఆఫీసులో ఏసీ కింద ఎలా మేలుకుంటున్నాడో మరి!) కొత్త లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేస్తూ 2023లో కేంద్రం నోటిఫికేషన్ ఇస్తే, అది అమల్లోకి వచ్చింది 2025 అక్టోబరు 1 నుంచి తయారైన బండ్లకు. అంతకుముందు తయారై రోడ్ల మీద తిరుగుతున్న లక్షల లారీలకు ఆ నిబంధన లేదు. వాటికి ఏసీ పెట్టిస్తానని గ్యారేజీకి వచ్చి, బ్రాకెట్ కోయించి, పుల్లీ మార్పించి, ‘కాకపోతే’లన్నీ భరించే ఓనరు కోసం మెకానిక్ భాయ్ ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఆయన దగ్గరికి వస్తున్నవి జోంగాలు.

రెండేళ్లయ్యేసరికి మన పెద్దమనిషికి మోజు తీరుతుంది. అప్పుడు ఇచ్చే ప్రకటన దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది: ‘‘అమ్మకానికి జోంగా. ఎక్స్ ఆర్మీ, ఫుల్లీ ఒరిజినల్, మెయింటెనెన్స్ సూపర్. చిల్డ్ ఏసీ, పవర్ స్టీరింగ్, డీజిల్ ఇంజిన్, కొత్త బాడీ. గ్యాస్ ఒకసారి పట్టించుకోవాలి. నిజమైన అభిమానులు మాత్రమే ఫోన్ చేయండి. తీసేసిన మిలిటరీ సామాను గోనెసంచుల్లో ఉంది, దాని రేటు వేరే.’’